సమస్యాపూరణం: "తెలియకున్నవాఁడె తెలివిపరుఁడు"

ఓరుగల్లు పద్యం (నిర్వహణ):

ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. పై మూడు పాదాలూ మీరు కట్టి దీన్ని ఒప్పించాలి.

తెలియకున్నవాఁడె తెలివిపరుఁడు

ఈసారి విషయం కూడా నేనే ఇస్తున్నాను. కొత్త వీడియో గేమ్‌ను కథ ఎవరి దగ్గరా వినకుండా, ఏ వీడియో చూడకుండా మొదటిసారి ఆడటంలో ఉన్న ఆనందం. హనుమకొండలో మా వాడకట్టు పిల్లలు గేమ్ కొన్న సాయంత్రమే దాని చివరి సీను ఫోన్‌లో చూసేస్తున్నారు. "ఇగ ఏముంది దాంట్ల" అని మర్నాటికి పక్కన పడేస్తున్నారు. చూస్తుంటే నాకు నిజంగా బాధగా ఉంది. డబ్బులు పోతే మళ్ళీ సంపాదించుకోవచ్చు, ఆ మొదటి రాత్రి మాత్రం మళ్ళీ దొరకదు.

గణం (గురులఘువుల గుంపు), యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొంతన) తప్పకూడదు. యతికి బదులు ప్రాసయతి (రెండో అక్షరాల పొంతన) చెల్లుతుంది. పద్యంలో గానీ కింది మాటల్లో గానీ ఏ ఆట ముగింపూ బయటపెట్టొద్దు. ఈ చివరి నియమం విషయంలో నేను గట్టిగా ఉంటాను.

కాజీపేట జంక్షన్:

కొత్త యాట వచ్చె గొప్పగా నున్నది
చివర చెప్పవలదు చెవులు మూసి
మొదటినుండి నేనె ముగియుదా కాడెద
తెలియకున్నవాఁడె తెలివిపరుఁడు

అన్నా, ఇక్కడ మొదటిసారి రాస్తున్న. తప్పులుంటే చెప్పండి.

ఓరుగల్లు పద్యం:

తమ్మీ, గణాలన్నీ సరిగ్గా ఉన్నాయి, యతులు కూడా చక్కగా పడ్డాయి. "ముగియుదా కాడెద" దగ్గర చదివేటప్పుడు నాలుక కాస్త ఆగుతుంది గానీ తప్పేం కాదు. చిక్కంతా అన్వయంలో ఉంది. "చెవులు మూసి ఆడెద" అని అర్థం వస్తోంది. చెవులు మూసుకుంటే ఆట సగం పోయినట్టే కదా! వెనక నుంచి వచ్చే అడుగుల చప్పుడు, ప్రమాదం దగ్గరపడుతుంటే మారిపోయే సంగీతం, ఇవన్నీ దారి చూపేవే. దోస్తు మాటను ఆపితే చాలు. రెండో పాదం ఇలా మార్చి చూడు:

చివర చెప్పవలదు చెలిమికాఁడ

ఇప్పుడు పద్యమంతా ఒక మిత్రుడితో ప్రేమగా అంటున్నట్టుంది. యతి చెడలేదు.

మానేరు గట్టు:

ఓడలోని వారి యొక్కొక్క మరణంబు
జరిగె నెట్టు లంచు సఖుఁడు చెప్ప
వెదుకు పనియె పోయె వేడుకే నశియించె
తెలియకున్నవాఁడె తెలివిపరుఁడు

ఇది లూకస్ పోప్ చేసిన "రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్" (2018) గురించి. కథా కాలం 1807. ఈస్టిండియా కంపెనీకి చెందిన ఓడ ఒకటి మనుషులు లేకుండా తిరిగొస్తుంది. మనం బీమా ఇన్‌స్పెక్టర్. ఓడ మీద ఉన్న 60 మందిలో ఎవరు ఎవరో, ఎవరికి ఏమైందో పుస్తకంలో నింపాలి. ఇది మొదలుపెట్టిన పావుగంటకే తెలిసిపోయే సంగతి కాబట్టి నియమం తప్పలేదనుకుంటున్నాను. ఒక్కో జవాబుకు సరే అనదు ఆ ఆట. మూడు సరిపోతేనే ఖాయం చేస్తుంది. అందుకే ఊహ కుదరదు. మాట యాస, వేసుకున్న బట్ట, పక్కన నిలబడ్డ మనిషి, అన్నీ కలిపి చూడాలి. ఒకసారి పుస్తకం నిండిందంటే అదే ఆనందం రెండోసారి రాదు.

ఓరుగల్లు పద్యం:

నియమం తప్పలేదు. జరిగె, సఖుఁడు సరసయతి (జ, స లకు చెల్లే పొంతన), బాగా కుదిరింది. సమస్యలో విడ్డూరంగా ఉన్న మాటను మూడు పాదాల్లో సహజంగా ఒప్పించారు, పూరణ అంటే ఇట్లా ఉండాలి. మూడో పాదంలో మాత్రం రెండు ముక్కలూ ఒకే సంగతి చెబుతున్నాయి. వెదికే పని పోయింది అన్నాక వేడుక పోయిందని వేరే చెప్పక్కర్లేదు. ఆ పది మాత్రల చోటులో ఓడ గురించి ఇంకో బొమ్మ కట్టొచ్చు.

సింగరేణి రాత్రి షిఫ్ట్:

చిన్న యోడ నెక్కి చిక్కని రేయిలో
కొత్త లోకమొకటి కూర్మిఁ జూడ
(మూడో పాదం తొలగించాను – నిర్వహణ)
తెలియకున్నవాఁడె తెలివిపరుఁడు

ఓరుగల్లు పద్యం:

అన్నా, మన్నించండి. మొదటి రెండు పాదాలు నాకు ఎంత నచ్చాయో చెప్పలేను. "చిక్కని రేయిలో" అన్న మాట దగ్గరే చాలాసేపు ఆగిపోయాను. కానీ మీరు రాసింది "అవుటర్ వైల్డ్స్" (2019) గురించి, మూడో పాదంలో దాని గుట్టంతా ఉంది. ఆ ఆట సంగతి మీకు నాకన్నా బాగా తెలుసు. అందులో మనకు కొత్త ఆయుధాలు రావు, బలం పెరగదు. ముందుకు తీసుకెళ్ళేది మనకు తెలిసిన విషయం ఒక్కటే. చాలా ఆటల్లో చివర తెలిసినా చేతి నైపుణ్యంతో ఆడాల్సింది మిగులుతుంది. ఇందులో గుట్టు తెలిస్తే తాళంచెవి ముందే చేతిలో పెట్టినట్టే.

సింగరేణి రాత్రి షిఫ్ట్:

సరే అన్నా, మీరన్నది సరైందే. షిఫ్ట్ దిగి వచ్చినంక ఈ పాదం కట్టిన:

నెవరి మాట వినక యెగిరిపోవుచు నుండు

ఓరుగల్లు పద్యం:

"జూడ నెవరి" అని పై పాదంతో సంధి కూడా కలిసింది. ఇప్పుడు ఏ ఆటదో చెప్పకుండానే ఎగిరే మనిషి కనబడుతున్నాడు. మొదటి దానికన్నా ఇదే మంచి పాదం.

జనగామ బాట:

నేను ఒప్పుకోను. నా పూరణ ఎదురు ప్రశ్న:

ఒగ్గుకథను వినెడి యూరివారి కెఱుక
మల్లనెవరి నెపుడు మనువులాడె
నయిన రాత్రి యెల్ల నందఱు విందురే
తెలియకున్నవాఁడె తెలివిపరుఁడు?

మా దిక్కు ఒగ్గుకథ చెప్పే చుక్క సత్తయ్య గారి కథ అంటే ఊరు ఊరంతా కదిలేది. కొమురవెల్లి మల్లన్న కథ తెలియనివాళ్ళు ఆ జనంలో ఎవరున్నారు? మేడలమ్మ ఎవరో, కేతమ్మ ఎవరో చిన్న పిల్లలకు కూడా తెలుసు. అయినా డోలు మోగితే తెల్లవారేదాకా కదలలేదు ఎవ్వరూ. కథ ముందే తెలిస్తే రసం పోతుందన్నది నాకు సమ్మతం కాదు.

ఓరుగల్లు పద్యం:

కాకువుతో (గొంతు మార్పుతో) సమస్యను తిప్పేసిన తీరు అద్భుతం. చివర ప్రశ్నార్థకం ఒక్కటి పెట్టి మొత్తం అర్థాన్ని తలకిందులు చేశారు. "మనువాడె" అనడం వాడుక, "మనువులాడె" కొంచెం కొత్తగా వినిపిస్తుంది. ఇద్దరు భార్యల కథ కాబట్టి బహువచనం చెల్లుతుంది.

మీ వాదన మాత్రం తేలిగ్గా తీసుకోదగ్గది కాదు. తెలిసిన కథలోనూ రసం ఉంది. "ఎల్డెన్ రింగ్" (2022) లాంటివి ముగించి, మళ్ళీ మొదటి నుంచి ఆడేవాళ్ళు ఎందరో. కానీ తెలియకుండా ఆడినవాడు తర్వాత తెలిసీ ఆడొచ్చు. ముందే విన్నవాడికి మొదటి దారి మూసుకుపోయింది. రెండు ఆనందాల్లో ఒకటి మాత్రమే పోతే తిరిగి రానిది, దాన్నే కాపాడమంటున్నాను.

భద్రకాళి బండ్:

జనగామ అన్నకు నా జవాబు:

కథకుఁ డచట దారిఁ గనిపెట్టి నడిపించు
నిచట దారి నేనె యెన్నవలయు
తలుపు తీసి చూచు తహతహ మిగిలిన
తెలియకున్నవాఁడె తెలివిపరుఁడు

ఓరుగల్లు పద్యం:

అక్కా, నేను పైన అంత పొడుగ్గా రాసినదాన్ని మీరు రెండు పాదాల్లో తేల్చేశారు. ఒగ్గుకథలో దారి వెతికే భారం కథకుడిది. మనం వింటాం, తాళం వేస్తాం, ఏడుస్తాం. ఆటలో ఎటు తిరగాలో తెలియక నిలబడేది మనమే, తలుపు తీసే చెయ్యి మనదే. అక్కడ చెప్పడం వల్ల పోనిది ఇక్కడ పోతుంది. మూడో పాదంలో త, తీ, తహతహ అని తట్టుకుంటూ వెళ్ళిన ధ్వని తలుపు తట్టినట్టే ఉంది. "ఎన్నవలయు" అంటే ఎంచుకోవాలి అన్న అర్థం వెంటనే తట్టకపోవచ్చు. మార్చమని మాత్రం అనను.

భద్రకాళి బండ్:

మరి ఎల్డెన్ రింగ్‌లో తోటి ఆటగాళ్ళు నేల మీద రాసిపోయే సూచనలో? అవి కూడా ముందే చెప్పడమే కదా.

ఓరుగల్లు పద్యం:

అవి ఆట లోపలివి. అందులో అబద్ధాలు కూడా రాస్తారు, ఇక్కడ దూకితే నిధి ఉంది అంటారు, దూకితే పోతాం. నమ్మాలా వద్దా అన్నది మళ్ళీ మనమే తేల్చుకోవాలి. కాబట్టి వెతుకులాట చెడదు.

పదో తరగతి తమ్ముడు:

ఫోను తీసినంత బొమ్మలో ముగింపు
నిన్న కొన్న యాట నేఁడె చచ్చె
గదిని మూసి ఫోను గట్టునఁ బెట్టిన
తెలియకున్నవాఁడె తెలివిపరుఁడు

నేను వీడియో తెరవనే లేదు సార్. పైన పెట్టే బొమ్మలోనే చివరి బాస్ (ఆఖరి పెద్ద శత్రువు) కనబడ్డాడు. చాలా కోపం వచ్చింది.

ఓరుగల్లు పద్యం:

నీ కోపం న్యాయమైనది. పద్యంలో అది తెలుస్తోంది కూడా. వీడియో పెట్టేవాళ్ళు కనీసం మొదటి కొన్ని వారాలైనా పై బొమ్మలో చివరి సంగతి పెట్టకూడదు. దానికి నియమం అక్కర్లేదు, తోటివాడి మీద కాస్త దయ ఉంటే సరిపోతుంది.

ఒకే ఒక్క దోషం ఉంది. "ముగింపు" చూడు: లఘువు, గురువు, లఘువు. అది జగణం, ఇంద్రగణాల్లో లేదు. మొదటి పాదం చివర ఇంద్రగణమే రావాలి. "తుది" అన్న మాట వాడి ప్రయత్నించు. "చచ్చె" అన్న మాట మార్చొద్దు, నీ పద్యానికి ప్రాణం అదే.

పదో తరగతి తమ్ముడు:

ఫోను తీసినంత బొమ్మలోఁ దుది చూపె
నిన్న కొన్న యాట నేఁడె చచ్చె
గదిని మూసి ఫోను గట్టునఁ బెట్టిన
తెలియకున్నవాఁడె తెలివిపరుఁడు

ఓరుగల్లు పద్యం:

బొమ్మలోఁ రగణం, దుది చూపె సలం, రెండూ ఇంద్రగణాలే. ఫో, బొ యతి అలాగే నిలిచింది. సరిపోయింది. ఆదివారం రాత్రి దాకా పూరణలు తీసుకుంటాను. దసరా సెలవుల్లో కొత్త ఆట మొదలుపెట్టేవాళ్ళు ఎవరైనా ఉంటే పేరు మాత్రం చెప్పండి, ఆ ఆట గురించి ఇక్కడ మీరు అడిగేదాకా ఎవరూ ఒక్క ముక్క రాయరు.