వైశాలిని ప్రజాస్వామ్యం అనొచ్చా?

గోదారిగట్టు:
ప్రపంచంలో తొలి ప్రజాస్వామ్యం మన వైశాలేనని మా వాట్సాప్ గ్రూపులో ఒక ఫార్వర్డ్ తెగ తిరుగుతోంది. బుద్ధుడి కాలంలో, గంగకు ఉత్తరాన వైశాలి రాజధానిగా, లిచ్ఛవి అనే క్షత్రియ వంశంవాళ్లు ముందుండి నడిపిన వజ్జి గణం (ఒక్క రాజు కాక సభ పాలించే రాజ్యం) గురించే అది. నాకైతే మింగుడుపడలేదు. బుద్ధుడి పూర్వజన్మల గురించి చెప్పే జాతక కథ వైశాలికి 7,707 మంది రాజులని లెక్క చెబుతుంది. అందరూ క్షత్రియ కుటుంబాలవాళ్లే. పొలం దున్నే దాసుడికి, కూలివాడికి ఆ సభలో చోటు లేదు. రాజు ఒక్కడు కాక వేలమంది అయితే ప్రజాస్వామ్యం అయిపోతుందా?

పాతనాణెం:
ప్రజాస్వామ్యమని అందరూ చెప్పే పాతకాలపు గ్రీకు నగరం ఏథెన్సులో ఆడవాళ్లకీ బానిసలకీ ఓటు ఉండేదా అండీ? దానికి ఒక తూకం, వైశాలికి ఇంకోటా? వజ్జుల మీద దండెత్తాలనుకున్న మగధ రాజు అజాతశత్రువు, మంత్రి వస్సకారుణ్ణి బుద్ధుడి దగ్గరికి పంపాడు. వజ్జులు తరచుగా సభ కూడుతున్నారా అన్నదే బుద్ధుడు తన శిష్యుడు ఆనందుణ్ణి అడిగిన మొదటి మాట. కూడినంతకాలం వాళ్లకి చేటు లేదన్నాడు. సభకి విలువ లేకపోతే ఆ మాటెందుకు?

గోదారిగట్టు:
సభకి విలువ లేదని నేననలేదు, ఎవరి సభ అన్నదే నా గొడవ. ఏథెన్సులో కుండలు చేసుకునేవాడు కూడా, పౌరుడైతే చాలు, చెయ్యెత్తేవాడు. లిచ్ఛవులో, పట్టాభిషేక స్నానం చేసే కోనేటి మీద పిట్ట కూడా దూరకుండా ఇనుప వల పరిచారట! ఇక పుల్లలతో ఓట్లు వేశారంటారే, అది భిక్షువుల సంఘం పద్ధతి. భిక్షువుల నియమాల గ్రంథం వినయ పిటకంలో ఉన్నదాన్ని తెచ్చి వైశాలికి అంటగడుతున్నారు.

బోధన్‌బస్సు:
మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. ఆ కాలపు పెద్ద రాజ్యాలైన 16 మహాజనపదాల్లో గోదావరి ఒడ్డున ఉన్నది అస్సకం ఒక్కటే. దాని రాజధాని పోతన మా బోధనేనని చాలామంది అంటారు. అక్కడ మాత్రం నికార్సైన రాజరికమే, గొడవే లేదు.

అసలు సంగతికొస్తే, వజ్జి గణాన్ని కూల్చింది ఒట్టి సైన్యం కాదని బౌద్ధ గ్రంథాల మీది పాళీ వ్యాఖ్యానం చెబుతుంది. మగధ తరిమేసినట్టు నటించి వస్సకారుడు వైశాలిలో చేరాడు. ఒక లిచ్ఛవిని పక్కకి పిలిచి, ఇవాళ ఏం కూరతో తిన్నావని గుసగుసగా అడిగేవాడు. ఏమన్నాడ్రా అని మిగతావాళ్లు అడిగితే అతను ఉన్నదే చెప్పేవాడు. ఎవడు నమ్ముతాడు? మూడేళ్లు ఇదే పని. చివరికి మగధ సేన వస్తోందని భేరి మోగిస్తే, గొప్పవాళ్లే వెళ్లనీ, మాకెందుకని ఎవరి ఇంట్లో వాళ్లు కూర్చున్నారు.