మోకాళ్ల నొప్పుల మందులో సీసం "లిమిట్ లోపలే" అని రిపోర్ట్ ఉంది, నమ్మొచ్చా?

తెనాలి ఆడపడుచు:
అందరికీ నమస్కారం. మా అమ్మకి 58 ఏళ్లు, తెనాలిలో ఉంటుంది. మోకాళ్ల నొప్పులకి ఏడాదిగా ఒకాయన ఇచ్చే మూలికా మందు వాడుతోంది. సీసాలో వచ్చే 500 మిల్లీగ్రాముల మాత్రలు పూటకి రెండు చొప్పున మూడు పూటలా. వాటితో పాటు అదే మనిషి కాగితం పొట్లాల్లో కట్టి ఇచ్చే ఎర్రటి పొడి, తేనెలో రంగరించి నాకడానికి. నొప్పి తగ్గిన మాట నిజమే. కానీ నాలుగు నెలల నుంచి కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి, మలబద్ధకం. స్కానింగ్‌లో ఏమీ లేదు. ఐరన్ మాత్రలు వేసుకుంటున్నా హిమోగ్లోబిన్ 8.4 దాటడం లేదు.

గట్టిగా అడిగితే ఆయన మాత్రల టెస్ట్ రిపోర్ట్ వాట్సాప్‌లో పంపాడు. సీసం 8 పీపీఎం, లిమిట్ 10, పాస్ అని ఉంది. అంటే భయం లేనట్టేనా? ఇంకో టెన్షన్: అయిదో నెల గర్భిణి మా వదిన కూడా నడుం నొప్పికి అవే మాత్రలు వేసుకుంటోంది. అమ్మకి ఆయన మీద బాగా గురి. ఊరికే మానేయమంటే వినదు, లెక్క చూపించాలి.

ల్యాబ్ కెమిస్ట్, హైదరాబాద్:
మందుల టెస్టింగ్ ల్యాబ్‌లో లోహాల పరీక్షలు చేస్తుంటాను. లెక్కే చూద్దాం అండి. ఒక పీపీఎం అంటే గ్రాము మందులో ఒక మైక్రోగ్రాము. అమ్మగారు రోజుకి ఆరు మాత్రలు, అంటే 3 గ్రాములు వేసుకుంటున్నారు. 8 పీపీఎం చొప్పున రోజుకి 24 మైక్రోగ్రాముల సీసం. 10 పీపీఎం అనే హద్దు గ్రాము మందుకి పెట్టింది, రోజుకి ఎన్ని గ్రాములు మింగుతున్నారన్న లెక్క అందులో లేదు. నోటి ద్వారా తీసుకునే అల్లోపతి మందులకి అంతర్జాతీయంగా పాటించే హద్దు రోజుకి 5 మైక్రోగ్రాములు. పిల్లల్ని కనే వయసు ఆడవాళ్లకి ఆహారంలో వచ్చే సీసానికి అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పెట్టుకున్న ప్రమాణం రోజుకి 8.8 మైక్రోగ్రాములు. సీసం మాయ దాటి బిడ్డకి చేరుతుంది. మీ వదినగారు ఆ మాత్రలు ఇవాళే ఆపేయాలి.

అయితే అమ్మగారి విషయంలో నా అసలు అనుమానం పొట్లాల మీద. రోజుకి 24 మైక్రోగ్రాములు లోపలికి పోతే పెద్దవాళ్ల రక్తంలో సీసం డెసీలీటరుకి సుమారు ఒక మైక్రోగ్రాము పెరుగుతుంది. అంతమాత్రానికి కడుపు మెలిపెట్టదు, హిమోగ్లోబిన్ అంతలా పడిపోదు. ఆ లక్షణాలు సీసం వల్లే అయితే అది చాలా పెద్ద మోతాదులో ఇంకెక్కడి నుంచో వస్తోంది. పొడికి రిపోర్టే లేదు కదా! ఎర్ర పొడిలో సీసపు సిందూరం ఉండొచ్చు, పాదరసంతో చేసే రససిందూరం ఉండొచ్చు, ఉత్త కావి మట్టీ కావచ్చు. కంటితో చూసి ఎవరూ చెప్పలేరు. పొట్లాలు పారేయకండి. ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్‌కి ఇచ్చి సీసం, పాదరసం, ఆర్సెనిక్, కాడ్మియం నాలుగూ చేయించండి. ఆ వాట్సాప్ రిపోర్ట్ మీదున్న బ్యాచ్ నంబరు, సీసా మీదున్నది ఒకటేనా అన్నది కూడా చూడండి.

ఆయుర్వేద వైద్యురాలు, విజయవాడ:
చదువుతుంటే కోపం వచ్చిందమ్మా. నాగభస్మం, రససిందూరం, కజ్జలి లాంటి వాటిలో సీసం, పాదరసం పొరపాటున కలిసినవి కావు, కావాలని వేసేవే. శోధన (శుద్ధి చేయడం), మారణ (పుటం పెట్టి భస్మం చేయడం) చేసి, వైద్యుడు మోతాదూ కాలమూ చూసి మాత్రమే ఇవ్వాలి. అలాంటి ద్రవ్యాలున్న మందు లేబుల్ మీద వైద్య పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక ఉండి తీరాలని చట్టం. పేరు, లైసెన్స్ నంబరు లేని పొట్లాలు ఏడాది పాటు నాకించడం ఏ శాస్త్రంలోనూ లేదు.

అలాగని మూలికలు మాత్రమే ఉన్నవన్నీ నిశ్చింతగా వాడొచ్చనీ అనను. ఇంటర్నెట్‌లో కొన్న 193 ఆయుర్వేద మందులను పరీక్షించి 2008లో అమెరికాలో ఒక అధ్యయనం ప్రచురించారు. రసౌషధాల్లో, అంటే లోహాలు, ఖనిజాలు కలిపి చేసేవాటిలో, 40 శాతానికి పైగా, మిగతావాటిలో 17 శాతం మందుల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఒకటైనా కనిపించింది.

డాక్టర్, జనరల్ మెడిసిన్:
పొడి రిపోర్ట్ కోసం ఆగొద్దు. ఇద్దరికీ ఈ వారమే బ్లడ్ లెడ్ టెస్ట్ చేయించండి. సీరంతో కాదు, హోల్ బ్లడ్‌తో చేయాలి. అమ్మగారికి రక్తం స్మియర్, కిడ్నీ పరీక్షలు, యూరిన్ ప్రొటీన్ కూడా. పాదరసం ఉంటే ముందు దెబ్బతినేది కిడ్నీలే. వదినగారి మాత్రల సంగతి ప్రసూతి డాక్టరుకి దాచకుండా చెప్పండి. న్యూయార్క్‌లో ఇలాగే ఆయుర్వేద మందులు వాడిన ఆరుగురు గర్భిణులకి సీసం ఎక్కిన సంగతి 2012లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ బయటపెట్టింది.

తెనాలి ఆడపడుచు:
రిపోర్టులు వచ్చాయి. రక్తంలో సీసం డెసీలీటరుకి అమ్మకి 63 మైక్రోగ్రాములు, వదినకి 3. పొడి రిపోర్ట్ ఇంకా రాలేదు. 24 మైక్రోగ్రాముల లెక్క కాగితం మీద వేసి చూపిస్తే అమ్మ మారు మాట్లాడకుండా సీసా, పొట్లాలు నా చేతిలో పెట్టేసింది. ఇప్పుడు మానేస్తే సరిపోతుందా?

డాక్టర్, జనరల్ మెడిసిన్:
63తో పాటు కడుపునొప్పి, రక్తహీనత ఉన్నాయి కాబట్టి మానేస్తే ఒక్కటే చాలదు. సీసాన్ని బయటికి తెచ్చే కీలేషన్ మందులు పెద్ద ఆసుపత్రిలో, డాక్టర్ల పర్యవేక్షణలో ఇస్తారు. రేపే తీసుకెళ్లండి. డీటాక్స్ పొడులంటూ ఎవరేమిచ్చినా వద్దు. సీసం ఎముకల్లో ఏళ్ల తరబడి ఉంటుంది. చికిత్స తర్వాత అంకె తగ్గినా మళ్లీ అక్కడి నుంచి రక్తంలోకి వస్తుంది, అందుకే టెస్ట్ పదే పదే చేయించాలి. వదినగారిది 3 కాబట్టి కంగారు వద్దు. మాత్రలు మానేసి, డాక్టరు చెప్పిన కాల్షియం, ఐరన్ తప్పకుండా వేసుకుంటూ ఇంకోసారి చూపించుకుంటే చాలు. ఆ మనిషి దగ్గర ఇంకెంతమంది వాడుతున్నారో కనుక్కోండి, పొడి రిపోర్ట్ రాగానే డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి.