ఫైనాన్స్ హెడ్ పని లెక్కలు రాయడమేనా, మిల్లు నడకలోనూ వేలు పెట్టాలా?

మిర్యాలగూడ_లెక్కలు:
నాలుగు రైస్ మిల్లులున్న గ్రూపులో అకౌంట్స్ చూస్తాను. కొత్తగా వచ్చిన మా ఫైనాన్స్ హెడ్ ప్రతి మిల్లు అవుట్‌టర్న్ (వడ్లలోంచి ఎంత శాతం బియ్యం వచ్చిందో), నూకల శాతం, కరెంటు యూనిట్లు రోజూ ఒక డ్యాష్‌బోర్డులో కనిపించేలా చేశారు. వచ్చే సీజన్ నుంచి షిఫ్ట్ ఇన్‌చార్జిల ఇన్సెంటివ్ కూడా అవుట్‌టర్న్‌ను బట్టే అంటున్నారు. ఓనర్లు మాత్రం "జీఎస్టీ, బ్యాంకు, ఆడిట్ చూసుకుంటే చాలు, మిల్లు సంగతి నీకెందుకు" అంటున్నారు. నేను ఫైనాన్స్ హెడ్ వైపే. కానీ ఇన్సెంటివ్ దగ్గర మనసు ఒప్పడం లేదు. మీరేమంటారు?

పాతమిల్లు_నల్లగొండ:
ఓనర్ల మాటే కరెక్టు తమ్ముడూ. సీఎంఆర్ కింద, అంటే ప్రభుత్వ వడ్లు మరపట్టి బియ్యంగా తిరిగిచ్చే పనిలో, క్వింటా వడ్లకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు ప్రభుత్వానికి ఇవ్వాలి. ఆ లెక్క మిల్లులో అందరికీ తెలుసు. గుప్పెడు వడ్లు అరచేతిలో నలిపి ఎంత నూక పడుతుందో మా హెడ్ మిల్లర్ చెప్పేస్తాడు. ఫైనాన్స్ మనిషి బ్యాంకు లిమిట్ టైముకు రెన్యూవల్ చేయించాలి. చిన్న పరిశ్రమల బిల్లులు 45 రోజులు దాటకుండా కట్టించాలి, లేకపోతే ఆదాయపు పన్ను లెక్కలో ఆ ఖర్చును డబ్బు కట్టిన ఏడాదిలోనే ఒప్పుకుంటారు. ఇవి సరిగ్గా చేస్తే ఆయన జీతం వచ్చేసినట్టే.

జడ్చర్ల_కాస్టింగ్:
నేను ఫార్మా కంపెనీలో కాస్టింగ్ చూస్తాను, మా మామ వాళ్లది మిల్లే. అన్నా, హెడ్ మిల్లర్ చేతిని నేను తక్కువ చేయను. కానీ ఆ చేతికి అందని లెక్కలున్నాయి.

పాత బియ్యం సంగతే తీసుకోండి. కోటి రూపాయల బీపీటీ (సన్న బియ్యం రకం) స్టాకును మంచి రేటు కోసం ఇంకో 3 నెలలు ఆపారనుకుందాం. సీసీ లిమిట్ (స్టాకు మీద బ్యాంకు ఇచ్చే అప్పు) మీద ఏడాదికి 10 శాతం వడ్డీ అయితే ఆ 3 నెలలకు 2.5 లక్షలు. దాని మీద తరుగు, పురుగుమందు, గోదాము. రేటు అంతకు మించి పెరిగితేనే ఆపడం లాభం. "పోయినేడు ఆపితే బాగా మిగిలింది" అని ఈ ఏడూ ఆపే ఓనర్లను చూశాను. పోయినేడు వడ్డీ పోను ఎంత మిగిలిందో వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

తవుడు ఇంకో లెక్క. పచ్చి బియ్యం తవుడులో ఉండే ఎంజైము వల్ల నూనె త్వరగా చెడిపోతుంది, ఫ్రీ ఫ్యాటీ యాసిడ్ పెరుగుతుంది, తవుడు కొని నూనె తీసే సాల్వెంట్ ప్లాంటు వాళ్లు రేటు కోస్తారు. లారీ నిండేదాకా ఆపితే కిరాయి కలిసొస్తుంది, రేటు పోతుంది. లోడింగ్ చూసేవాడికి కిరాయి ఒక్కటే కనిపిస్తుంది. అమ్మకాలు చూసేవాడికి కోత ఒక్కటే కనిపిస్తుంది. రెండు కాగితాలూ ఒకే టేబుల్ మీదికి వచ్చేది ఫైనాన్స్‌లోనే. ఆయన కలిపి చూడకపోతే ఇంకెవరూ చూడరు. ఇది వేలు పెట్టడం ఎట్లా అవుతుంది?

షిఫ్ట్_ఇన్‌చార్జి_సూర్యాపేట:
తవుడు మాట ఒప్పుకుంటా. ఇన్సెంటివ్ మాట మాత్రం అస్సలు వద్దు.

ఒక మిల్లులో అవుట్‌టర్న్ తగ్గిందని వరుసగా రెండు నెలలు నా ఇన్సెంటివ్ కోశారు. వచ్చిన వడ్లలో తేమ ఎంతో ఎవరూ అడగలేదు. 17 శాతం తేమ ఉన్న 100 కిలోల వడ్లను 14 శాతానికి ఆరబెడితే 96.5 కిలోలు మిగులుతాయి. 22 శాతం ఉంటే మిగిలేది 90.7 కిలోలే. మెషీన్‌లో గింజ పడకముందే దాదాపు 6 కిలోల తేడా! దానికి ఆపరేటర్ ఏం చేస్తాడు? యాసంగి వడ్లయితే ఎండకు గింజ పగిలి ఉంటుంది, పచ్చి బియ్యం పడితే నూక ఎక్కువే వస్తుంది. వానాకాలం నంబరుతో దాన్ని పోల్చడం అన్యాయం.

ఇంకోటి. అవుట్‌టర్న్ మీదే డబ్బులంటే పాలిష్ తగ్గించి తూకం పెంచేవాళ్లు, నూకను బియ్యంలోనే వదిలేసేవాళ్లు తయారవుతారు. సీఎంఆర్‌లో నూక ప్రభుత్వం పెట్టిన హద్దు దాటకూడదు. దాటితే లాటు వెనక్కి వస్తుంది. అప్పుడు నష్టం మిల్లుకి, ఇన్సెంటివ్ అప్పటికే జేబులోకి.

జడ్చర్ల_కాస్టింగ్:
నూటికి నూరు పాళ్లు నిజం. అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకులో జరిగిందీ ఇదే. అమ్మకాల టార్గెట్ల ఒత్తిడికి ఉద్యోగులు కస్టమర్లకు తెలియకుండా ఖాతాలు తెరిచారు. 2016లో 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది.

పాతమిల్లు_నల్లగొండ:
తేమ లెక్క బాగుంది. కానీ కాంటా దగ్గరి పిల్లగాడు తేమ చూడకుండానే చీటీ మీద 17 అని రాసేస్తాడు. ఆ 17 మీద ఎంత మంచి డ్యాష్‌బోర్డు కడితే ఏం లాభం? మీ ఫైనాన్స్ హెడ్ ఒక్క రాత్రయినా కాంటా దగ్గర నిలబడ్డాడా?

మిర్యాలగూడ_లెక్కలు:
నిలబడలేదన్నా. ఈ సీజన్ కొనుగోళ్లు మొదలయ్యే ముందు ఆయన్ని కాంటా దగ్గరికి తీసుకెళ్తాను. ప్రతి లారీకి తేమ మీటరు రీడింగు చీటీ మీదే ప్రింటయ్యేలా చేయించాలని, అవుట్‌టర్న్‌ను 14 శాతం తేమకు సరిచేసి వానాకాలం, యాసంగి విడివిడిగా చూపాలని అడుగుతాను. ఇన్సెంటివ్ ఈ ఏడాదికి ఆపమంటాను. స్టాకు వడ్డీ, తవుడు ఎన్ని రోజులు ఆగింది అన్న రెండు నంబర్లు మాత్రం ప్రతి సోమవారం ఓనర్ల ముందు పెడతాను, వాటికి బాధ్యత వాళ్లదే కాబట్టి.

షిఫ్ట్_ఇన్‌చార్జి_సూర్యాపేట:
ఇన్సెంటివ్ మళ్లీ పెట్టే రోజు వస్తే షిఫ్టుకు కాకుండా మిల్లు మొత్తానికి పెట్టమని చెప్పు తమ్ముడూ. ఆరబెట్టే వాళ్లు, బాయిలర్ వాళ్లు, మేము ఒకరి మీద ఒకరం చాడీలు చెప్పుకోకుండా పని చేస్తాం.