అప్‌డేట్: పొరగా ఆరబెట్టగానే క్వాంటమ్ డాట్ల రంగు ఎందుకు మారింది?

నా పాత ప్రశ్న ఇది: టోలుయీన్ అనే ద్రావకంలో 560 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర వెలిగే కాడ్మియం సెలినైడ్ డాట్లు (కొన్ని నానోమీటర్ల సైజు అర్ధవాహక స్ఫటికాలు) గాజు పలక మీద ఆరగానే 571కి జరిగాయి, వెలుగూ తగ్గింది. డాట్లు పాడయ్యాయా?

పాడవలేదు. అదే పొరను మళ్లీ టోలుయీన్‌లో కలిపితే 560 తిరిగి వచ్చింది. ఈ పని మొదటే చేయాల్సింది. రెండు వారాలు అనవసరంగా ఆక్సీకరణను తిట్టుకున్నాను.

మీలో ఒకరు చెప్పినట్టు ఇది ఇరుగుపొరుగు వ్యవహారమే. ఒకే సీసాలోని డాట్లన్నీ ఒకే సైజులో ఉండవు; పెద్దవి కాస్త ఎక్కువ తరంగదైర్ఘ్యం దగ్గర, అంటే ఎరుపు వైపు వెలుగుతాయి. పొరలో అవి కొన్ని నానోమీటర్ల ఎడంతో ఒదిగి ఉంటాయి కాబట్టి, చిన్న డాట్ తన శక్తిని కాంతిగా వదలకముందే పక్కనున్న పెద్దదానికి అప్పగిస్తుంది. మధ్యలో ఫోటాన్ వెలువడదు. ఇది ఫోర్‌స్టర్ బదిలీ. ఎడం రెట్టింపైతే వేగం 64వ వంతుకు పడిపోతుంది. కేగన్, బవెండి బృందం 1996లోనే ఇలాంటి పొరల్లో దీన్ని చూపించింది.

నాకు నమ్మకం కుదిరింది మాత్రం లైఫ్‌టైమ్ (వెలుగు ఎంతసేపట్లో ఆరిపోతుందో) కొలతతోనే. పొరలో 550 దగ్గరి కాంతి త్వరగా ఆరిపోయింది, 585 దగ్గరిది ఎక్కువసేపు నిలిచింది. డాట్లను పీఎంఎంఏ అనే పారదర్శక ప్లాస్టిక్‌లో, ఒకదానికొకటి దూరంగా ఉండేలా, బాగా పలుచగా కలిపి పోస్తే ఆ తేడా దాదాపు మాయమైంది.

వెలుగు తగ్గడానికి కారణం, చేతులు మారుతూ వెళ్లిన శక్తి లోపమున్న డాట్‌లో చిక్కుకుని వేడిగా పోవడమేనని నా అనుమానం. అది ఇంకా పరీక్షించాలి.