మతపండితులు శాస్త్రాన్ని అడ్డుకున్నవారేనా?

ప్రశ్న (ఉపాధ్యాయురాలు, విజయనగరం):
మా తొమ్మిదో తరగతి అమ్మాయి ఈ మాట అడిగింది. వాళ్ల తాతగారు ఇమాము. ఆ పిల్లకు తేలిక జవాబు చెప్పి పంపడం నాకు ఇష్టం లేదు. ఇస్లాం చరిత్ర తెలిసినవారు సాయం చేయండి.

జవాబు (విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు, శ్రీకాకుళం):
అమ్మా, ఇబ్న్ అల్ షాతిర్‌తో మొదలుపెట్టండి. 14వ శతాబ్దంలో డమాస్కస్ ఉమయ్యద్ మసీదులో నమాజు వేళలు లెక్కగట్టడమే ఆయన ఉద్యోగం. 1371లో అక్కడి మినారు మీద పెద్ద నీడగడియారం అమర్చాడు. చంద్రుడి గమనానికి ఆయన వేసిన లెక్కే దాదాపుగా కోపర్నికస్‌లోనూ కనిపిస్తుంది! ఇబ్న్ అల్ నఫీస్ షాఫియీ (సున్నీ ఇస్లాంలో ఒక సంప్రదాయం) ధర్మశాస్త్రం తెలిసిన వైద్యుడు. గుండె కుడి గది నుంచి రక్తం ఊపిరితిత్తుల మీదుగానే ఎడమ గదికి చేరుతుందని 13వ శతాబ్దంలోనే రాశాడు.

జవాబు (పరిశోధక విద్యార్థి, విజయనగరం):
గురువుగారూ, రెండో వైపూ చెప్పాలి. ఇస్తాంబుల్‌లో తఖీ అల్ దీన్ నడిపిన వేధశాలను 1580లో సుల్తాను ఆజ్ఞతో కూల్చేశారు. అయితే ఆ తఖీ అల్ దీన్ కూడా ఖాజీగా, అంటే మతధర్మం ప్రకారం తీర్పు చెప్పే న్యాయాధికారిగా, పనిచేసినవాడే.

జవాబు (అధ్యాపకుడు):
నిజమే, అదీ చెప్పండి. తత్త్వవేత్తలను తీవ్రంగా ఖండించిన మతపండితుడు గజాలీ కూడా గ్రహణాల గణితాన్ని మతం పేరుతో కాదనేవాడు మతానికే హాని చేస్తాడని రాశాడు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. సోమవారం బడి ఆవరణలో కర్ర పాతించి నీడ కొలిపిస్తాను. మధ్యాహ్నపు నీడకు కర్ర పొడవంత నీడ తోడైతే, షాఫియీల లెక్కలో అసర్ (మధ్యాహ్నం తర్వాతి నమాజు) వేళ మొదలవుతుంది. ఆ అమ్మాయి చేతనే గీతలు గీయిస్తాను.