ఓడలు బళ్లవుతాయా, బళ్లెక్కుతాయా?

నిన్న ఇక్కడ ఒకరు "ఓడలు బళ్లు, బళ్లు ఓడలు" సామెతకి "డబ్బున్నోడు పేదోడవుతాడు, పేదోడు డబ్బున్నోడవుతాడు" అని అర్థం రాసి వదిలేశారు. భావానికి ఢోకా లేదు. కానీ ఓడ బండెలా అవుతుందండీ? సుమతీ శతకంలో పద్యం మళ్లీ చూశాను. అందులో అవడం లేదు, రావడమే ఉంది: ఓడల మీద బండ్లు వస్తాయి, బండ్ల మీద ఓడలూ వస్తాయి, కలిమిలేములూ అంతే అని. కండ్లు కళ్లయినట్టే మన నోట్లో బండ్లు బళ్లయ్యాయి, ఆ ఊపులో 'మీద' అన్న ముక్క ఎక్కడో జారిపోయింది, అది పోయేసరికి మోసుకెళ్లడం కాస్తా మారిపోవడం అయి కూర్చుంది.

మాది కాకినాడ దగ్గర తాళ్లరేవు పక్క. పై అడవుల టేకు దుంగలు గోదావరిలో తేలుతూ రాజమండ్రి దిగేవి, నీటిదారి లేని చోట ఎడ్లబండే గతి. అంటే ఆ దుంగలతో కట్టే ఓడ నీళ్లు చూడకముందే ముక్కలుముక్కలుగా బండెక్కేసిందన్నమాట.

—

మాస్టారూ, పద్యం సరే, 'అవుతాయి' తప్పంటే మాత్రం ఒప్పుకోను. మా తాతగారి బండికి అడుగున పరిచిన పలకల్లో వరసగా మేకు బెజ్జాలుండేవి, బండికి వాటితో పనే లేదు. పలక అంచున, నీరు దూరకుండా పూసి గట్టిపడ్డ గుగ్గిలం గోటితో గీకితే రాలేది, అది నిప్పులో వేసి వాసన చూసేవాళ్లం, తిట్లు తినేవాళ్లం. విప్పేసిన పడవ చెక్కరా అది అనేవారాయన. టేకు మరి, ఉప్పునీళ్లలో అన్నేళ్లు నానినా చెడదు, ఎవరు పారేస్తారు? ఇంకోటి, పడవ లోపలి వంపు కర్రలకి నల్లతుమ్మ, బండి చక్రానికీ నల్లతుమ్మే. చెట్టు దగ్గరే చుట్టాలు!

—

ఆయ్, ఆ బెజ్జాల ముందు నా వ్యాకరణం నిలబడేలా లేదు. అసలు మా కోరంగే చూడండి. బర్మా వెళ్లిన తెలుగువాళ్లని అక్కడ కోరంగీలనేవారు, ఈ రేవు పేరుతోనే. 1789లో ఒకసారి, 1839లో ఒకసారి ఉప్పెన ముంచేసింది. ఇప్పుడు ఆదివారమైతే మడ అడవి చూడ్డానికి కార్లు బారులు తీరతాయి, ఓడలుండే చోట అన్నీ బళ్లే. 'మీద' సంగతి మాత్రం వదలను.

సరే, ఓడ విప్పి బండి కట్టారు. బండి విప్పి ఓడ కట్టినవాళ్లెవరైనా ఉన్నారా?