భక్తిహీనుడికి శిక్ష తప్పదు: ఇది వాగ్దానమా, సామెత మాత్రమేనా?

ఓపికమనిషి: అందరికీ వందనాలు. భక్తిహీనుడికి శిక్ష తప్పదని బైబిల్లోని సామెతల గ్రంథం 11:21 తేల్చి చెబుతోంది. 37వ కీర్తనలోనూ అదే మాట, కొంచెం ఆగితే వాడున్న చోట వెతికినా కనపడడని. మా సంఘంలో ఒకాయన "అది మామూలుగా జరిగేదే, వాగ్దానం కాదు" అన్నాడు. వాక్యాన్ని ఇంత పల్చన చేయొచ్చా?

పాతపెన్ను: సామెత స్వభావమే అదండి. 26వ అధ్యాయం 4, 5 వచనాలు చూడండి. మూర్ఖుడి మూర్ఖత్వానికి తగ్గట్టు జవాబివ్వొద్దని ఒకటి, ఇవ్వమని ఆ పక్కదే. రెండూ చట్టాలైతే ఎలా కుదురుతుంది?

ఓపికమనిషి: నేనడిగింది శిక్ష గురించి. తప్పదంటే తప్పదనే.

చిన్నదీపం: ఆమెన్.

పాతపెన్ను: యోబు గ్రంథం 21వ అధ్యాయం చదవండి. తప్పు చేయకుండానే కష్టాలపాలైన యోబు మాటలవి. దుష్టులు ముసలితనం దాకా హాయిగా బతుకుతున్నారు, వాళ్ల ఆవులు ఈనుతున్నాయి, పిల్లలు గంతులేస్తున్నారు అంటాడు. వాళ్ల పాపాన్ని దేవుడు పిల్లల మీదికి దాచి ఉంచుతాడంటే, పిల్లలకెందుకు, చేసినవాడికే తెలిసిరావాలి అంటాడు. చివరికి 42:7లో దేవుడు కోప్పడింది, కష్టమొచ్చిందంటే పాపం చేసినట్టేనని యోబుతో వాదించిన ఎలీఫజు మీద, అతని ఇద్దరు స్నేహితుల మీద.

ఓపికమనిషి: ఎలీఫజు తప్పయితే సామెతలూ తప్పా? 73వ కీర్తనలో, అది పాడిన ఆసాపుకి కూడా దుష్టుల క్షేమం చూసి కాలు జారబోయింది. పరిశుద్ధ స్థలంలోకి వెళ్లాక వాళ్ల అంతం అర్థమైంది. 37:25లో నీతిమంతుడి పిల్లలు అడుక్కోవడం ముసలితనం దాకా చూడలేదన్నాడు దావీదు.

పాతపెన్ను: చూడలేదన్నాడు. జరగదనలేదు.

ఓపికమనిషి: అంటే దావీదు అబద్ధమాడాడా?

పాతపెన్ను: చూడనిది చూడలేదంటే అబద్ధమెలా అవుతుంది?

గోడమీదపిల్లి: మూడు రోజులుగా "చూడలేదు" దగ్గరే ఉన్నారు. బైబిల్లోనే ప్రసంగి గ్రంథం 8:14 ఒక్కరూ తియ్యరేం? దుష్టులకు రావాల్సింది నీతిమంతులకు వస్తోందని అక్కడ ఉన్నదున్నట్టు రాశాడు.

ఓపికమనిషి: చదువు ఎక్కువైతే విశ్వాసం ఇలాగే పలచబడుతుంది. అన్యాయం జరిగినవాడి కడుపుమంట మీకేం తెలుసు!

పాతపెన్ను: తెలుసు. మా అమ్మ మూడేళ్లు మంచంలో ఉంది. పరామర్శకొచ్చిన సంఘ పెద్ద ఆవిడ చెయ్యి పట్టుకుని "దాచిన పాపం ఏదైనా ఉంటే ఒప్పుకోమ్మా" అన్నాడు. ఆ రాత్రి అమ్మ నిద్రపోలేదు. బళ్లో పక్కపిల్ల పెన్సిల్ తీసుకున్న సంగతి కూడా తవ్వి తీసి ఏడ్చింది. మీ "తప్పదు"ని తిరగేస్తే అదే వస్తుంది బ్రదర్. కష్టమొచ్చిందా, అయితే పాపివే.

ఓపికమనిషి: అమ్మగారిని అలా అనడం తప్పే. తిరగేయమని నేననలేదు.

నాదీ చెప్తా. నాన్న మంచానపడ్డప్పుడు అన్న వేలిముద్ర వేయించుకుని ఇల్లు రాయించుకున్నాడు. పదకొండేళ్లయింది. కేసు వేద్దామంటే మా సంఘం పెద్దలు "తీర్పు దేవుడిది, ఓపిక పట్టు" అని కూర్చోబెట్టారు. రోజూ ఆ దారినే పోవాలి. ఇప్పుడు పైన ఇంకో అంతస్తు లేపుతున్నాడు. ఇసుక రోడ్డు మీదికి పోస్తే, నిన్న పొద్దున దాని మీదే కాలేసి నడిచాను, చెప్పుల నిండా ఇసుక. అది ఉత్త సామెతే అయితే ఇన్నాళ్లూ నేను దేన్ని పట్టుకుని కూర్చున్నట్టు?

పాతపెన్ను: అన్నా, ఈ మాట మొదటి రోజే చెప్పాల్సింది. నా కోపం ఆ వచనం మీద కాదు, దాన్ని మీ నోటికి అడ్డం పెట్టినవాళ్ల మీద. నోరులేనివాళ్ల కోసం నోరు తెరిచి న్యాయం తీర్చమని సామెతలు 31లోనే ఉంది కదా. అది మీకెవరూ చూపించలేదా?

ఓపికమనిషి: లేదు. ఇప్పుడు లాయరేమో గడువు దాటిందంటున్నాడు.

చిన్నదీపం: ప్రార్థిస్తాం అన్నా.

గోడమీదపిల్లి: అన్నట్టు సామెతలు 24:17, 18 కూడా చూసుకోండి. శత్రువు పడితే సంతోషించొద్దట. దేవుడు అది చూసి వాడి మీద కోపం మానుకుంటాడట.

ఓపికమనిషి: ముందు వాణ్ని పడనివ్వండి సార్.